తట్టు తగ్గిన ఏళ్ల తర్వాత: ఎస్‌ఎస్‌పీఈ వచ్చిన పిల్లల్ని చూసుకోవడం ఎవరి పని?

ఇది మొదట బయటపడేది చాలాసార్లు బడిలోనే. నిన్నటిదాకా ఎక్కాలు గడగడా చెప్పిన పిల్ల తడబడుతుంది. రాత గీత దాటిపోతుంది. చేతిలోని పలక జారుతుంది, మధ్యాహ్న భోజనం కంచం జారుతుంది. వరుసలో నిలబడ్డ పిల్ల ఉన్నట్టుండి తల వాల్చేసి, మరుక్షణం ఏమీ జరగనట్టు లేస్తుంది. ‘ధ్యాస లేదు’ అంటారు టీచరు. ఆ పిల్ల దళితవాడ నుంచి వచ్చిందైతే ఇంకో మాట కూడా సులువుగా వచ్చేస్తుంది: వీళ్లకి చదువు అబ్బదు, ఇంట్లో పట్టించుకునేవాళ్లు లేరు. అలా వారాలు, నెలలు గడిచిపోతాయి. మెదడు జబ్బు తొలి లక్షణాన్ని కులం లక్షణంగా చదివే బడులు మనకు కొత్త కాదు. అయితే ఈ జబ్బులో ఆ పొరపాటు ఖరీదు చాలా ఎక్కువ.

జబ్బు పేరు సబ్‌ఎక్యూట్ స్క్లీరోజింగ్ పానెన్‌సెఫలైటిస్. డాక్టర్లంతా ఎస్‌ఎస్‌పీఈ అనే అంటారు. తట్టు (కొన్ని ఊళ్లలో పొంగు అంటారు) తెచ్చే వైరస్ ఒంట్లోంచి పూర్తిగా పోకుండా, రూపం మార్చుకుని మెదడులో దాక్కుంటుంది. పిల్ల కోలుకుంటుంది, ఆడుకుంటుంది, బడికి వెళ్తుంది. సాధారణంగా ఆరు నుంచి పదేళ్ల తర్వాత, ఒక్కోసారి అంతకంటే చాలా త్వరగా, ఆ వైరస్ మెదడు కణాలను నెమ్మదిగా నాశనం చేయడం మొదలుపెడుతుంది. 1933లో డాసన్ అనే వైద్యుడు దీన్ని మొదట వర్ణించాడు. ఇన్నేళ్లయినా పూర్తిగా నయం చేసే మందు రాలేదు.

జబ్బు నాలుగు దశల్లో ముదురుతుంది. మొదట ప్రవర్తన, చదువు దెబ్బతింటాయి. తర్వాత కొన్ని సెకన్లకోసారి ఒళ్లంతా ఉలిక్కిపడినట్టు కుదుపులు వస్తాయి, వాటితోపాటు ఫిట్స్. మూడో దశలో ఒళ్లు బిగుసుకుపోయి, మాట, నడక పోతాయి. చివరి దశలో పిల్ల మంచానికి పరిమితమై, పిలిస్తే పలకని స్థితికి చేరుతుంది. కొందరిలో చూపు ముందే పోతుంది. ఎక్కువమంది జబ్బు బయటపడిన ఒకటి నుంచి మూడేళ్లలో చనిపోతారు. నూటికి అయిదుగురిలో దానంతటదే నెమ్మదించిన సందర్భాలున్నాయి. కొందరు ఏళ్ల తరబడి బతుకుతారు.

ఈఈజీలో ఒకే తీరులో మళ్లీమళ్లీ వచ్చే అలలు, వెన్ను నీటిలో తట్టు వైరస్‌కు వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీలు చూసి జబ్బును నిర్ధారిస్తారు. ఈ పరీక్షలకు నిమ్స్ లాంటి పెద్దాసుపత్రి న్యూరాలజీ విభాగానికి వెళ్లాల్సిందే. ఊళ్లో ఆర్‌ఎంపీ ‘నరాల బలహీనత’ అని ఇంజక్షన్లు వేస్తూ పోతే డబ్బుతోపాటు సమయం కూడా పోతుంది.

తల్లి అడిగే మొదటి ప్రశ్న

‘నేనేం తప్పు చేశాను?’ జబ్బు పేరు విన్న వెంటనే తల్లి అడిగేది ఇదే. పక్కనున్నవాళ్లకు నిజమైన జవాబు తెలిసి ఉండాలి.

తట్టు ఎంత చిన్న వయసులో వస్తే ఎస్‌ఎస్‌పీఈ ప్రమాదం అంత ఎక్కువ. రెండేళ్లలోపు, ముఖ్యంగా ఏడాదిలోపు వచ్చిన పిల్లలకు. తట్టు వచ్చిన ప్రతి లక్షమందిలో నలుగురి నుంచి పదకొండు మందికే వస్తుందని పాత లెక్క. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1988-91 మధ్య తట్టు వచ్చిన పిల్లల్ని తర్వాత లెక్కగట్టి చూస్తే, అయిదేళ్లలోపు వచ్చినవాళ్లలో 1,367 మందికి ఒకరు, ఏడాదిలోపు వచ్చినవాళ్లలో 609 మందికి ఒకరు ఈ జబ్బు పాలయ్యారని తేలింది.

మన దేశంలో తట్టు టీకా మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాకే వేస్తారు. ఏడో నెలలో తట్టు సోకిన పిల్లకు టీకా వేయించనందుకు తల్లిని ఎలా తప్పుపడతాం? ఆ వయసు పిల్లను కాపాడాల్సింది చుట్టూ ఉన్న పిల్లలందరి టీకా. వాడలో నూటికి తొంభై అయిదు మందికి పైగా రెండు డోసులూ అందితేనే వైరస్‌కు దారి మూసుకుపోతుంది. అందకపోతే ఆ వాడలో పుట్టిన పసిబిడ్డ తన వంతు టీకా రాకముందే జబ్బుకు దొరికిపోతుంది. కాబట్టి ఈ జబ్బు వచ్చిన పిల్లను చూసి తల్లిని నిలదీయడం అన్యాయం. అడగాల్సిన ప్రశ్న ఇది: ఆ ఏడాది ఈ వాడలో టీకాలు ఎందరికి పడ్డాయి?

టీకా వల్లే ఈ జబ్బు వస్తుందనే పుకారు కూడా తిరుగుతుంటుంది. జబ్బుపడ్డ పిల్లల మెదడు నుంచి తీసిన వైరస్‌ను పరిశీలిస్తే అది ఎప్పుడూ బయట తిరిగే తట్టు వైరస్సే, టీకాలోది కాదు. టీకా బాగా అందిన దేశాల్లో ఎస్‌ఎస్‌పీఈ దాదాపు కనుమరుగైంది.

మన దేశంలో తట్టు టీకా 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమంలోకి వచ్చింది. రెండో డోసు 2010లో మొదలైంది. 2017 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల్లో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల వరకు పిల్లలందరికీ మీజిల్స్-రుబెల్లా టీకా ప్రత్యేకంగా వేశారు. 2023కల్లా తట్టును దేశం నుంచి తరిమేస్తామన్న లక్ష్యం తప్పింది, దాన్ని 2026కు జరిపారు. ఈ మధ్యలో కరోనా వచ్చింది. 2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 4 కోట్ల మంది పిల్లలు తట్టు టీకా డోసు తప్పిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2022 చివర్లో ముంబయిలోని గోవండి మురికివాడల్లో తట్టు చెలరేగి పిల్లలు చనిపోయారు. అప్పుడు చావు తప్పించుకున్న పసిపిల్లల్లో కొందరికి ఈ జబ్బు రావడానికి ఇంకా గడువుంది. తట్టు లెక్కలు ఆ ఏడాదితో ముగుస్తాయి. ఎస్‌ఎస్‌పీఈ లెక్క పదేళ్లు నడుస్తుంది.

టీకా వాడదాకా ఎందుకు రాదు?

టీకా ఉచితం, ఆశా కార్యకర్త ఉంది, ఏఎన్‌ఎం ఉంది. మరి తప్పేది ఎక్కడ? చాలా ఊళ్లలో అంగన్‌వాడీ, సబ్‌సెంటర్ రెండూ ఊళ్లోనే ఉంటాయి, వాడలో కాదు. టీకా వేసేది పగటిపూట, తల్లి నాట్లకో కలుపుకో పోయిన వేళ. పాలమూరు నుంచో ఉత్తరాంధ్ర నుంచో వలసపోయిన కుటుంబం పేరు ఊళ్లో రిజిస్టర్‌లో ఉంటుంది, పిల్ల మాత్రం ఇటుకబట్టీ దగ్గర ఉంటుంది. అక్కడి ఏఎన్‌ఎం జాబితాలో ఆ పిల్ల పేరు ఉండదు.

దూరం, సమయం ఒక ఎత్తు. తాకడం మరో ఎత్తు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో అంబేడ్కర్ 1929 నాటి కాఠియావాడ్ ఘటన ఒకటి రాశారు. బాలింత అయిన దళిత టీచరు భార్యను ముట్టుకోవడానికి ఇష్టపడని డాక్టరు థర్మామీటర్‌ను ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన భర్తకిచ్చాడు, భర్త ఆమెకు పెట్టాడు. ఆమె బతకలేదు. ఎనభై ఏళ్ల తర్వాత, 2010లో, సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో దళిత పిల్లలకు వైద్యం అందే తీరును అధ్యయనం చేశారు. మందులు ఇచ్చేటప్పుడు తాకకపోవడం, తక్కువ సమయం ఇవ్వడం, వాడలోకి అడుగుపెట్టకుండా బయటినుంచే వెళ్లిపోవడం అందులో నమోదయ్యాయి. అది తెలుగు నేల మీద చేసిన అధ్యయనం కాదు. కానీ చదివితే కొత్తగా ఏమీ అనిపించదు.

తట్టు వస్తే ‘అమ్మవారు పోసింది’ అని వేపాకులు కట్టి, బయటికి చెప్పకపోవడం మన ఇళ్లలో ఉన్నదే. దాన్ని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు, డాక్టరు రాని చోట అమ్మవారే దిక్కయింది. వేపాకు ఉంచుకోవచ్చు. దాంతోపాటు ఏఎన్‌ఎంకు కబురు చేయాలి. తట్టు వచ్చిన పిల్లకు రెండు రోజులు విటమిన్ ఎ మోతాదులు వేయాలి, ఆ వాడలో మిగతా పిల్లల టీకాలు చూడాలి. కబురు అందితేనే ఇవి జరుగుతాయి.

ఇంట్లో చేయాల్సినవి

పిల్లను చూసుకునే పని పెద్దాసుపత్రిలో నడిచేది కొద్ది రోజులే. మిగిలినదంతా ఇంట్లో, ఎక్కువగా తల్లి చేతుల మీద. డిశ్చార్జి రోజు చీటీ మీద నాలుగు మందుల పేర్లు రాసిస్తారు. తిండి ఎలా పెట్టాలో, ఎలా పడుకోబెట్టాలో చెప్పే తీరిక చాలాచోట్ల ఎవరికీ ఉండదు. కాబట్టి కార్యకర్తలకు ఈ విషయాలు తెలిసి ఉండాలి.

కుదుపుల దశలో పిల్ల ఎక్కడైనా, ఎప్పుడైనా పడిపోవచ్చు. ఎత్తు మంచం మీద కంటే నేల మీద బొంత పరిచి పడుకోబెట్టడం మేలు. పొయ్యి, బావి, నీళ్ల తొట్టి దగ్గర ఒంటరిగా వదలకూడదు. కుదుపులు తగ్గించడానికి కార్బమజపైన్, వాల్‌ప్రోయేట్, క్లోబజామ్, లెవిటిరాసెటమ్ లాంటి మందులు వాడతారు. వీటిలో ఏదీ ఒక్కసారిగా ఆపకూడదు. డబ్బుల్లేక రెండు రోజులు మందు మానేస్తే ఆగని ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. వైరస్‌ను అదుపు చేయడానికి ఐసోప్రినోసిన్ మాత్రలు, ఇంటర్‌ఫెరాన్ ఇంజక్షన్లు కొందరికి ఇస్తారు. కొందరిలో జబ్బు నెమ్మదించింది, నయం కావడం మాత్రం కాదు. ఈ తేడా చెప్పకుండా ‘ఈ మందు వేయించండి, తగ్గిపోతుంది’ అనేవాళ్ల దగ్గర భూములు అమ్ముకోకుండా ఆపడం కూడా సంరక్షణలో భాగమే.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు, ఇనుప ముక్క పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం, నోట్లో స్పూను దూర్చడం ఇప్పటికీ చూస్తుంటాం. వీటివల్ల లాభం లేదు, పళ్లు విరిగే ప్రమాదం ఉంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లోంచి నురగ కారిపోనిచ్చి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే ఇంట్లో ఉంచుకోవచ్చేమో డాక్టరును ముందే అడగాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది తిండి దగ్గర. మింగే శక్తి తగ్గే కొద్దీ అన్నం, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఈ పిల్లల ప్రాణం తీసేది చాలాసార్లు అదే. పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోయడం మానుకోవాలి. ఒళ్లో కూర్చోబెట్టుకుని, తల కొంచెం ముందుకు వంచి, చిన్న చెంచాతో పెట్టాలి. పల్చటి నీళ్ల కంటే చిక్కటి రాగిజావ, మెత్తగా పిసికిన పప్పన్నం సులువుగా దిగుతాయి. తినేటప్పుడు దగ్గు, గొంతులో గరగర, తరచూ జ్వరం కనిపిస్తే ఇక నోటితో పెట్టడం ప్రమాదమని అర్థం. అప్పుడు ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ వేస్తారు. ఎక్కువకాలం కావాలనుకుంటే పొట్టకే చిన్న రంధ్రం చేసి పైపు పెడతారు. ట్యూబ్‌ను ఆస్పత్రిలోనే వేయించి, పాలు పోసే ముందు అది కడుపులోనే ఉందో లేదో చూడటం నర్సు దగ్గర నేర్చుకోవాలి. జావ వడకట్టాలి, లేకపోతే పైపు మూసుకుపోతుంది. పోశాక కాస్త కాచి చల్లార్చిన నీళ్లతో పైపు కడిగి, అరగంట పాటు తల ఎత్తి ఉంచాలి. ముక్కు పైపు చూడగానే చుట్టాలు ‘ఇక అయిపోయింది’ అంటారు. నిజానికి ఆ పైపు వల్లే పిల్ల ఆకలితో ఉండదు, తల్లికి పూటకు రెండు గంటలు మిగులుతాయి.

కదలలేని పిల్లను రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. తుంటి, తోకఎముక, మడమలు, తల వెనుక భాగం రోజూ చూడాలి. ఎర్రబడి, ఒత్తినా తెల్లబడకపోతే పడక పుండు మొదలవుతున్నట్టే. కీళ్లు బిగుసుకుపోకుండా చేతులు, కాళ్లు మెల్లగా సాగదీయాలి. మలబద్ధకం, నోట్లో పూత, కారణం తెలియని జ్వరం, చెమటలు ఈ జబ్బులో మామూలే. చూపు, మాట పోయినా గొంతులు వినబడుతుండవచ్చు. పేరు పెట్టి పిలవడం, పాడటం మానకూడదు.

ఈ పిల్ల నుంచి తట్టు ఎవరికీ అంటదు. ఇది వాడలో గట్టిగా చెప్పాలి. అంటువ్యాధి అనే భయంతో పక్కింటివాళ్లు రావడం మానేస్తే, ఊరు వెలివేసిన కుటుంబాన్ని వాడ కూడా వెలివేసినట్టవుతుంది.

చట్టం ఇచ్చేవి, చేతికి అందనివి

రెండు గంటలకోసారి పక్క మార్చాల్సిన పిల్ల ఉన్న తల్లి కూలికి పోలేదు. ఆమె పోతే పెద్దమ్మాయి బడి మానేస్తుంది. ఒక పిల్ల జబ్బు ఇంకో పిల్ల చదువును తినేసే ఈ లెక్క ఏ ప్రభుత్వ రికార్డులోనూ కనపడదు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఎస్‌ఎస్‌పీఈ అనే పేరు లేదు. కానీ షెడ్యూల్‌లో ‘దీర్ఘకాలిక నాడీ సంబంధ పరిస్థితులు’ ఉన్నాయి. వాటి కింద మల్టిపుల్ స్క్లీరోసిస్, పార్కిన్సన్స్‌ను ‘వంటివి’ అనే ఉదహరించారు. ఆ ‘వంటివి’ని పట్టుకోవాలి. సదరం శిబిరంలో ‘మీ జబ్బు లిస్టులో లేదు’ అంటే ఈ మాట చూపించాలి. కదలిక లోపం, మేధో లోపం, బహుళ వైకల్యం కింద కూడా అంచనా వేయమని అడగొచ్చు. జబ్బు ముదిరేది కాబట్టి తొలి దశలో 40 శాతం రాలేదని తిప్పి పంపితే, ముదిరాక మళ్లీ అంచనాకు దరఖాస్తు పెట్టాలి. తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చి ఏడాది తర్వాత మళ్లీ రమ్మంటే, ముక్కులో పైపు ఉన్న పిల్లను బస్సులో తీసుకెళ్లే కష్టం గురించి రాతపూర్వకంగా అడగాలి.

తెలంగాణలో వికలాంగుల పింఛను 4,016 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. 6,000కీ 15,000కీ మధ్య ఉన్నది డాక్టరు రాసే ఒక వాక్యం. సర్టిఫికెట్ తీసుకునేటప్పుడే ఆ వాక్యం ఉందో లేదో చూసుకోవాలి, పింఛను చేతికొచ్చాక చూసుకుంటే మళ్లీ మొదటి నుంచి తిరగాలి.

పింఛను పిల్లది. తల్లి కోల్పోయిన కూలి సంగతి? అదే చట్టం సెక్షన్ 24 ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకు సంరక్షకుల భత్యం ఉండాలంటుంది. కేరళలో ‘ఆశ్వాసకిరణం’ పేరుతో నెలకు 600 రూపాయలు ఇస్తారు. అది చాలా తక్కువ, కానీ చూసుకోవడం కూడా పని అని ఒప్పుకున్న మొత్తం అది. తెలుగు రాష్ట్రాల్లో దళిత సంఘాలు, వికలాంగుల సంఘాలు కలిసి అడగాల్సిన డిమాండ్ ఇది. సెక్షన్ 38 ప్రకారం ఎక్కువ సాయం కోసం పిల్ల తరఫున ఒక సంస్థ కూడా దరఖాస్తు చేయొచ్చు. నిరక్షరాస్యురాలైన తల్లి ఒక్కతే తిరగాల్సిన పనిలేదు, సంఘం లెటర్‌హెడ్ మీద వెళ్లొచ్చు. విద్యార్థి సంఘాలు కూడా ఇలాంటి పని చేయగలవు. ఆస్పత్రిలోకి రానివ్వకపోయినా, కులం చూసి అడ్డుకున్నా 2015 సవరణ తర్వాత అట్రాసిటీ చట్టం వర్తిస్తుంది.

బడి పేరు కొట్టేయనివ్వకూడదు. విద్యాహక్కు చట్టానికి 2012లో వచ్చిన సవరణ తీవ్ర వైకల్యమున్న పిల్లలకు ఇంటి వద్దే చదువు ఎంచుకునే హక్కు ఇచ్చింది. మండలంలో భవిత కేంద్రం ఉంటే అక్కడి రిసోర్స్ టీచరు, ఫిజియోథెరపిస్టు ఇంటికి రావాలని అడగొచ్చు. పలకలేని పిల్లకు చదువేమిటని నవ్వేవాళ్లుంటారు. వారానికోసారి ఫిజియోథెరపిస్టు వచ్చి కీళ్లు సాగదీసే పని ఆ తల్లికి ఎంత విలువైనదో వాళ్లకు తెలియదు. పాలియేటివ్ కేర్ అంటే క్యాన్సర్ రోగులకే అనే అపోహ కూడా ఉంది. తెలంగాణ జిల్లాల్లోని పాలియేటివ్ కేర్ కేంద్రాలకు ఇంటికొచ్చే బృందాలున్నాయి. పడక పుండ్లు, రైల్స్ ట్యూబ్, నొప్పి వాళ్లకు రోజూ తెలిసిన పనులు. జిల్లా ఆసుపత్రికి ఫోన్ చేసి ఈ పిల్ల పేరు రాయించాలి.

ఈ ఇంట్లో చిన్నపిల్లలు ఇంకెవరైనా ఉంటే ఆ రోజే తల్లీబిడ్డ కార్డు తెరిచి చూడాలి. తొమ్మిదో నెల డోసు, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య డోసు, రెండూ పడి ఉండాలి. తప్పిపోతే అయిదేళ్లు నిండేదాకా ప్రభుత్వ టీకా కార్యక్రమంలో ఉచితంగా వేస్తారు. తర్వాత పక్కింటి కార్డు, ఆ తర్వాత వాడంతా. ఎవరి కార్డులో ఏ డోసు తప్పిందో కాగితం మీద రాసి, సంతకాలు పెట్టించి, పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కు ఇవ్వాలి. తర్వాతి టీకా రోజు వాడలోనే, సాయంత్రం కూలి నుంచి వచ్చాక పెట్టమని అదే కాగితంలో అడగాలి. అందినట్టు ముద్ర వేయించుకోవాలి.